షాజ్లీ పేరు మీద నీళ్ళు

మా వీధిలో ఎవర్నడిగినా సాలిహీన్ గురించి ఒకటే చెబుతారు: బెర్కాన్ పాషా ప్యాలెస్‌ను కూల్చిన ముసలాడని. ఆ మాట చెవిన పడిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. అయినా నోరు మెదపను. మెదపలేని కారణం ఒకటుంది, అది చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

నా పేరు శహాతా. ఇస్త్రీ నా పని. అలెగ్జాండ్రియాలో, ముహర్రమ్ బే పేటలో, ఆ ప్యాలెస్ గేటుకు సరిగ్గా ఎదురుగా నా కొట్టు. మాది కాలి ఇస్త్రీ. నేల మీద చెక్కబల్ల పరిచి, పొడుగాటి పిడి ఉన్న బరువైన ఇనప పెట్టెను పాదంతో తొక్కి నడపాలి. నలభై ఏళ్ళుగా నడుం వంచుకుని ఆ పని చేస్తున్నాను కాబట్టి నాకు కోపం ఎక్కువ. తల ఎత్తితే కనిపించేది ప్యాలెస్ గేటొక్కటే కాబట్టి ఆ గేటు లోపలి సంగతులన్నీ నాకు తెలుసు.

సాలిహీన్ నూబియా మనిషి. అస్వాన్‌కు ఎగువన నైలు నది ఒడ్డున వాళ్ళ ఊరు. ఆ రోజుల్లో ఏ పాషా ఇంట చూసినా వడ్డించేది, వండేది, తలుపు తీసేది నూబియా వాళ్ళే. అతని పెదనాన్న మొంతజా ప్యాలెస్‌లో రాజుగారి వంటశాలలో ఉల్లిపాయలు తరిగేవాడట. తండ్రి బెర్కాన్ పాషా ఇంట్లో బల్ల దగ్గర వడ్డించేవాడు. సాలిహీన్ పద్దెనిమిదో ఏట వచ్చాడు. పాదాల దాకా జారే తెల్ల గలాబియా, నడుముకు ఎర్ర పట్టీ. చేతికి ఇచ్చిన పని చెక్కనేలకు మెరుగు పెట్టడం. ఇరవై రెండు గదులు. పాదానికి బ్రష్షు కట్టుకుని, మైనం పూసిన నేల మీద మధ్యాహ్నం దాకా ముందుకూ వెనక్కూ జారుతూ తోమాలి. ఇద్దరం కాళ్ళతో బతికేవాళ్ళమేనని నన్ను ఆటపట్టించేవాడు. నీ కాలి కింద నిప్పు, నా కాలి కింద మైనం, పైకొచ్చినవాడు మాత్రం ఎవడూ లేడు అనేవాడు.

సాలిహీన్ చేరేసరికి, సైన్యం దించేసిన రాజు ఓడెక్కి దేశం వదిలి రెండేళ్ళు. పాషా పొలాలు ముందు పోయాయి, తర్వాత పాషా పోయాడు, ఆ తర్వాత ఒక పొద్దున్న ప్రభుత్వం వాళ్ళు వచ్చి గదులకు సీళ్ళు వేశారు. కుర్చీలు, అద్దాలు, దీపాల గుత్తులు అన్నీ జాబితా రాస్తూ రాస్తూ మెట్ల దగ్గర నిలబడ్డ సాలిహీన్ దాకా వచ్చి, నువ్వెవరని అడిగారట. నేల తోమేవాణ్నంటే, ఉండు, నేల ఇక్కడే ఉంటుంది కదా అన్నారట. అలా ఉండిపోయాడు. ఏడాది తిరక్కుండా ప్యాలెస్ ఆడపిల్లల బడి అయింది. ఎర్ర పట్టీ తీసేసి ఖాకీ తొడుక్కున్నాడు.

పెద్ద హాలు కప్పు మీద ఇటలీ పనివాళ్ళు వేసిన బొమ్మలుండేవి. మబ్బుల్లో పడుకున్న ఆడవాళ్ళు, ఒంటి మీద నూలుపోగు లేదు. కొత్త హెడ్మిస్ట్రెస్ అది చూసి, పిల్లలు తలెత్తకముందే దానికి సున్నం కొట్టమని హుకుం జారీ చేసింది. సాలిహీన్ నిచ్చెన ఎక్కి మూడు రోజులు కొట్టాడు. అసలు సున్నం కాదది. సుద్దపొడిలో పల్చగా జిగురు కలిపి పూశాడు. రేపు ఎవరైనా తడిగుడ్డతో తుడిస్తే బొమ్మ చెక్కు చెదరకుండా బయటికి రావాలని అతని లెక్క. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పాషా మీద ప్రేమ అనుకుంటారేమో, అదేం కాదు. పాషాను తలుచుకుంటే అతనికి గుర్తొచ్చేది చెంపదెబ్బలే. ప్యాలెస్ మీద మాత్రం ప్రాణం పెట్టుకున్నాడు. అది పాషా ఉన్న రోజులకన్నా తను తోమిన రోజులే ఎక్కువ చూసిందని అతని వాదన, అందులో తప్పేముంది?

బడిలో చరిత్ర చెప్పే టీచరు ఒకావిడ ఉండేది. ఫరోలు గుళ్ళు, సమాధులు రాతితో కట్టి, తాము బతికిన ప్యాలెస్‌లు మాత్రం పచ్చి ఇటుకతో కట్టుకున్నారని, అందుకే అవి మట్టిలో కలిసిపోయాయని ఆవిడ పాఠం చెబుతుంటే సాలిహీన్ కిటికీ తుడుస్తూ విన్నాడు. ఆ తర్వాత వచ్చిన రాణుల ప్యాలెస్‌లేమో ఇదే ఊళ్ళో రేవు అడుగున, సముద్రంలో పడి ఉన్నాయట. ఆ సాయంత్రం నా కొట్టుకొచ్చి, ఈ దేశంలో చచ్చినవాడి ఇల్లే నిలుస్తుంది, బతికినవాడి ఇల్లు నిలవదు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

అతనికి ఆ మాట అనే హక్కుంది. నబ్రాను ఊళ్ళోనే పెళ్ళి చేసుకున్నాడు. ఆమె కాపురానికి సున్నంతో తెల్లగా అలికి, గుమ్మం పైన పింగాణీ పళ్ళేలు పొదిగిన ఇల్లు సిద్ధం చేశారు. ఏడాది లోపలే పెద్ద ఆనకట్ట నీళ్ళు వచ్చాయి. ప్రభుత్వం ఊరు మొత్తాన్ని ఓడల్లో ఎక్కించి కోమ్ ఒంబో పక్కన సిమెంటు గదుల్లో దింపింది. నబ్రా అక్కడ ఉండలేనంది. ప్యాలెస్ మెట్ల కింద చిన్న గది ఉంటే హెడ్మిస్ట్రెస్‌ను బతిమాలి ఆమెను అక్కడికి తెచ్చుకున్నాడు. ఆ గదిలోనే నలభై అయిదేళ్ళు కాపురం చేశారు.

పద్నాలుగేళ్ళు పిల్లల్లేరు. ఆ తర్వాత షాజ్లీ పుట్టాడు. నల్లగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండేవాడు. చదువు అబ్బలేదు. లారీ మీద క్లీనరుగా చేరాడు. ఇరవై రెండో ఏట, ఎండాకాలంలో, రాళ్ళ గనికి పోయే ఎడారి అడ్డదారిలో లారీ చెడిపోయింది. డ్రైవరు సాయం తెస్తానని ఒకవైపు నడిచాడు, వీడు బండి దగ్గర ఉండిపోయాడు. మూడో రోజు శవమై దొరికాడు, లారీ కింద నీడలో. నీళ్ళ డబ్బా ఖాళీగా, మూత తీసి పక్కన పెట్టి ఉందట. ఆ మూత సంగతి ఏ వెధవ ఆ తల్లికి చెప్పాడో గాని, చెప్పాడు.

అప్పటి నుంచి నబ్రా చెయ్యి ఖాళీ చెంబును చూస్తే ఊరుకునేది కాదు. ఎవరి గుమ్మంలో కూజా వట్టిగా కనిపించినా నింపేది. గేటు పక్కన ఒక మట్టి కుండ పెట్టి, గొలుసుతో గ్లాసు కట్టింది. దారిన పోయేవాళ్ళు తాగుతుంటే మెట్ల కింద గది గుమ్మంలో కూర్చుని చూసేది. తాగినవాడు చెయ్యి తుడుచుకుని, తల్లీ, నీ వాళ్ళకు శాంతి కలగాలి అంటే, ఆ పూట అన్నం తినేది.

ఇంతలో కోర్టులు తేల్చాయి, ప్యాలెస్ పాషా వారసులదేనని. బడి మూతపడింది, సాలిహీన్ కాపలావాడిగా ఉండిపోయాడు. వారసుడు నాజిమ్ బే కైరోలో ఉంటాడు. ఒక్కసారి వచ్చాడు, కారు దిగలేదు. స్థలాన్ని దెసూకీ అనే కాంట్రాక్టరుకు బేరం పెట్టాడు. పద్నాలుగు అంతస్తులు లేపాలని దెసూకీ ఆశ. చిక్కేమిటంటే ప్యాలెస్ పాత భవనాల జాబితాలో ఉంది. దాన్ని కూల్చడానికి లేదు. దానంతట అది కూలడానికి సిద్ధమైతే మాత్రం, ప్రమాదకరమని ఇంజినీర్లు ఒక కాగితం రాసి చేతులు దులుపుకుంటారు. అందుకని మా ఊళ్ళో ఇలాంటి ఇళ్ళకు నీళ్ళు తాగిస్తారు. పునాదుల్లో నెలల తరబడి నీళ్ళు వదిలితే ఎంతటి ప్యాలెసైనా మెత్తబడుతుంది. ఇది పాలవాడికీ తెలుసు, పోలీసువాడికీ తెలుసు.

దెసూకీ ముందు సూటిగానే అడిగాడు. తోట గొట్టం నేలమాళిగలోకి వదిలి, కట్టెయ్యడం మరిచిపొమ్మన్నాడు. కొత్త భవనంలో కింది అంతస్తులో రెండు గదులిస్తానన్నాడు. సాలిహీన్ అతని ముందు పెట్టిన టీ గ్లాసు తీసుకెళ్ళి వీధిలో పారబోశాడు. మా పేటలో ఒక మనిషికి చేయగల అవమానం అంతకన్నా లేదు. నేను ఇస్త్రీ ఆపి మరీ చూశాను, చెప్పొద్దూ, కడుపు నిండినట్టయింది.

అయిదారు నెలలు దెసూకీ అటు రాలేదు. హజ్ రోజులు దగ్గరపడ్డాయి. మక్కా ప్రయాణం కట్టినవాడు ముందుగా తాను నొప్పించిన ప్రతివాడి గడపా తొక్కి క్షమాపణ అడగాలి. అడిగినప్పుడు కాదనకూడదు. దెసూకీ ఒక శుక్రవారం నమాజు అయ్యాక, అందరూ చూస్తుండగా గేటు దగ్గరికొచ్చి సాలిహీన్ చేతులు పట్టుకున్నాడు.

"బాబాయ్, నిన్ను అడక్కూడని మాట అడిగాను. ఆ పాపం నెత్తిన పెట్టుకుని దేవుడి ఇంటికి ఎట్టా పోను? క్షమించానని ఒక్క మాట అను."

"క్షమించాను. వెళ్ళి రా," అన్నాడు సాలిహీన్. వేరే ఏమంటాడు?

దెసూకీ వెళ్ళాడు, హాజ్ దెసూకీ అయి తిరిగొచ్చాడు. ఖర్జూరాలు తెచ్చాడు, జమ్‌జమ్ నీళ్ళు తెచ్చాడు. ఆ పవిత్రమైన నీళ్ళు నబ్రాకు స్వయంగా గ్లాసులో పోసి ఇచ్చి, మక్కాలో షాజ్లీ కోసం దువా చేశానని చెప్పాడు. ఎండల్లో జనానికి మీ మట్టికుండ సరిపోవడం లేదు, షాజ్లీ పేరు మీద ప్యాలెస్ గోడకు ఒక చలివేంద్రం పెట్టిస్తాను, కరెంటు కూలరు, నాలుగు కుళాయిలు, ఖర్చు నాది పుణ్యం వాడిది అన్నాడు. నబ్రా ఏడ్చింది. నీళ్ళ కనెక్షన్ అర్జీ మీద సాలిహీన్ చేత సంతకం పెట్టించాడు. కనెక్షన్ తండ్రి పేరున ఉంటే పుణ్యం మధ్యలో ఆగకుండా కొడుక్కే చేరుతుందని చెప్పాడు. ఆ మాటకు నేను కూడా పక్కన నిలబడి ఆమీన్ అన్నాను.

మా దగ్గర చనిపోయినవాళ్ళ పేరు మీద సదకాగా, అంటే దానంగా, నీళ్ళు పెడితే, అవి పారినన్నాళ్ళూ వాళ్ళ ఖాతాలో పుణ్యం పడుతుంటుంది. వాటిని ఎవరూ కాదనరు, ఎవరూ ఆపరు. పెట్టినవాడి మనసులో ఏముందని తొంగి చూడడం కూడా తప్పే. దెసూకీకి ఇదంతా తెలుసు. సాలిహీన్‌కు డబ్బాశ చూపించి ఓడిపోయాడు కాబట్టి ఈసారి ఈ దారిలో వచ్చాడు.

కూలర్ బిగించిన రోజు ప్లంబరు వాడిన నీటి పైపును వీధి మ్యాన్‌హోల్ వైపు కాకుండా, గోడకు కన్నం కొట్టి లోపలికి తిప్పాడు. ఇదేమిటయ్యా అన్నాను. మురుగు కాలువలో కలపడానికి అనుమతి రావాలి, అందాకా ఇట్టా అన్నాడు. సరేలే అనుకున్నాను. చల్లటి నీళ్ళు మొదట తాగినవాళ్ళలో నేనొకణ్ని.

పైన చిన్న రాతి పలక పెట్టారు: షాజ్లీ సాలిహీన్ ఆత్మ కోసం, తాగి వాడికి ఒక ఫాతిహా ప్రార్థన చదవండి. సాలిహీన్ పొద్దున్నే ఆ పలకను, కుళాయిలను మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. చెక్కనేల తోమినంత శ్రద్ధగా తుడిచేవాడు. నబ్రా మనిషి మారిపోయింది. ట్రాం దిగి వచ్చే ఆడవాళ్ళు, సైకిల్ మీద రొట్టెల బల్ల నెత్తిన పెట్టుకుని పోయేవాడు, కాలేజీ పిల్లలు, అందరూ ఆగి తాగేవాళ్ళు. ఆమె గుమ్మంలో కూర్చుని లెక్కపెట్టుకునేది. ఇవాళ రెండు వందల పదకొండు మంది తాగారు శహాతా అని నాకు చెప్పేది. పదేళ్ళ తర్వాత ఆమె నవ్వగా చూశాను.

జూన్‌లో ఒకరోజు హాజ్ దెసూకీ వచ్చి కూలర్ పక్కన నిలబడ్డాడు. నీళ్ళు తాగలేదు, పలక వైపు చూడలేదు. చేతికర్ర మొనతో గోడ అడుగున గారను పొడిచి చూశాడు. మొన లోపలికి దిగింది. కర్ర తుడుచుకుని వెళ్ళిపోయాడు. కూలర్ తొట్టి నిండినా నీళ్ళు ఆగడం లేదని, పొంగినదంతా ఆ పైపులోంచి రాత్రీ పగలూ లోపలికే పోతోందని అప్పుడు వెలిగింది నాకు.

తెలిశాక మూడు నెలలు నోరు మూసుకున్నాను. నా కొట్టు, దాని గోడ దెసూకీ బావమరిదివి, ఆ భయం కొంత. అంతకన్నా పెద్దది ఇంకోటి. నీ కొడుకు పేరు మీద పారుతున్న నీళ్ళు సదకా కాదు, నీ ఇంటికి పెట్టిన విషం అని ఏ నోటితో చెప్పను? రోజూ రేపు చెబుదామనుకునేవాణ్ని. ఆ నీళ్ళే చిలకరించి బట్టలకు ఇస్త్రీ చేసేవాణ్ని.

రంజాన్ ఆఖర్లో సాలిహీన్ పండగ గలాబియా ఇస్త్రీకి తెచ్చి, నా బల్ల మీద పిడికిలి విప్పాడు. తెల్లటి పొడి.

"గోడలకు ఉప్పు పూస్తోంది శహాతా. మా గది తలుపు పట్టేస్తోంది. నేలమాళిగలో నా చీలమండ దాకా నీళ్ళున్నాయి. ఏ పైపు పగిలిందో తెలీట్లేదు."

"పైపు పగల్లేదన్నా," అన్నాను.

మొత్తం చెప్పాను. జూన్ నుంచి నాకు తెలుసని కూడా చెప్పాను. అతను చెప్పుతో కొడతాడనుకున్నాను, కొడితే బాగుండేది. బల్ల అంచున కూర్చుని, ఎదురుగా కూలర్ దగ్గర సీసాలు పట్టుకుని నిలబడ్డ జనాన్ని చాలాసేపు చూశాడు.

"నబ్రాకు చెప్పకు," అన్నాడు చివరికి. "నేను చచ్చినా చెప్పకు. ఆమెకి వాడు రెండోసారి చచ్చినట్టవుద్ది."

కుళాయి కట్టేస్తే సరిపోయేది కదా అని మీరంటారు. కట్టేస్తే నబ్రా ఎందుకని అడుగుతుంది. పైపును మురుగు కాలువలో కలపమని అర్జీ పెడితే యజమాని సంతకం కావాలన్నారు, నాజిమ్ బే ఫోనెత్తలేదు. పైపు కోసి వీధిలోకి వదిలితే రెండో రోజే మునిసిపల్ కార్యాలయం నుంచి నోటీసు, రోడ్డు పాడవుతోంది, మూడు రోజుల్లో కూలర్ తీసెయ్యమని. అంత చురుకుదనం ఆ కార్యాలయానికి ఎక్కడిదో నాకు తెలుసు. నా గోడకు మార్చుకుందామంటే ఆ గోడ ఎవరిదో ముందే చెప్పాను. పొంగడం తగ్గించడానికి తొట్టి నిండగానే నీళ్ళు ఆపే బిళ్ళను ఒక మెకానిక్ సరిచేశాడు. అయినా నాలుగు కుళాయిల కింద వందల మంది వదిలేసే నీళ్ళు తక్కువేం కాదు.

దాంతో సాలిహీన్ కోసిన పైపు మొన కింద బకెట్ పెట్టాడు. నిండగానే ఇంకోటి పెట్టి, నిండినదాన్ని మోసుకుంటూ వీధి మలుపు దగ్గర మ్యాన్‌హోల్‌లో పోసి వచ్చేవాడు. తెల్లవారి నమాజు నుంచి జనం పల్చబడే దాకా అదే పని. అప్పటికి అతనికి డెబ్భై మూడేళ్ళు. నబ్రా అడిగితే మురుగు పైపు పూడుకుపోయిందన్నాడు. బాగుచేయించుకోవడం కూడా చేతకాదా అని ఆమె తిట్టేది. అతను నవ్వేసి బకెట్ ఎత్తేవాడు. నేను సాయం పడితే ఒప్పుకునేవాడు కాదు, నా కొడుకు నీళ్ళు నేను మోస్తాను అనేవాడు. మధ్యాహ్నాలు నేలమాళిగలో దిగి చీపురుతో, గుడ్డలతో నీళ్ళు తోడేవాడు. సెప్టెంబరు నుంచి జనవరి దాకా అలా ప్యాలెస్‌నూ పోనివ్వకుండా, కొడుకు నీళ్ళనూ ఆగనివ్వకుండా ఆ ముసలాడు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. అతని భుజం ఒకవైపు ఒరిగిపోయింది. అరచేతుల్లో బకెట్ కమ్మి కోసుకుపోయి మానేది కాదు.

కానీ తాగిన నీళ్ళను ప్యాలెస్ కక్కలేదు కదా. నవంబరులో చీపురు తుఫాను వచ్చింది. మేం అలాగే పిలుస్తాం, సముద్రాన్ని ఊడ్చేస్తుందని. పునాది ఒకవైపు కుంగినందుకు కప్పు నెర్రెలిచ్చి ఉంది, వాన లోపలికి దిగింది. పెద్ద హాల్లో సుద్దపూత కరిగి చారలు చారలుగా కారింది. సాలిహీన్ నన్ను పిలిచి చూపించాడు. నలభై ఏడేళ్ళ తర్వాత మబ్బుల్లో పడుకున్న ఆడవాళ్ళు మళ్ళీ కనిపిస్తున్నారు. ఒకామె మొహం మీదుగా చెయ్యి పట్టేంత పగులు. మేమిద్దరం తలెత్తి చూస్తూ నిలబడ్డాం.

జనవరి చివర్లో పాత ఇళ్ళను పరీక్షించే ఇంజినీర్ల కమిటీ వచ్చింది. ముగ్గురు. ఇద్దరు మగవాళ్ళు గేటు దగ్గరే నిలబడి దెసూకీ గుమాస్తాతో సిగరెట్లు కాల్చారు. మూడో ఆమె ఇంజినీర్ రబాబ్, ముప్ఫై దాటి ఉండదు, బూట్లతో నేలమాళిగలోకి దిగింది. గంటసేపు లోపలే ఉంది. పైకొచ్చినప్పుడు మోకాళ్ళ దాకా బురద, చేతిలో ఒక పైపు ముక్క. నబ్రా గది గుమ్మంలో చాప మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది.

గుమాస్తా ఒక కాగితం తీసి చదివాడు. నీళ్ళ కనెక్షన్ అర్జీ. దరఖాస్తుదారు సాలిహీన్, చలివేంద్రం నిర్వహణకూ మురుగునీటికీ పూర్తి బాధ్యత అతనిదే, కింద సంతకం. కాపలావాడి నిర్లక్ష్యం వల్ల భవనానికి నష్టం అని రాసుకోండి మేడం అన్నాడు.

ఆమె వాడి మొహం కూడా చూడలేదు. సాలిహీన్ దగ్గరికొచ్చింది.

"తాతా, ఈ పైపు తెలీక వేసింది కాదు. పునాది మూలకి సరిగ్గా గురిపెట్టి వేశారు. ఎవరు వేయించారో నాకు చెప్పండి. మీ మాటగా రాసి సంతకం పెడితే నేను ఫైలు ఆపుతాను. విచారణ తేలేదాకా ఒక్క ఇటుక కూడా తియ్యలేరు. ప్యాలెస్‌ను నిలబెట్టుకోవచ్చు, మీ గది కూడా ఉంటుంది."

గుమ్మంలో చిక్కుళ్ళు ఒలిచే చప్పుడు ఆగింది.

నేను వీధి దాటి వచ్చేశాను. కొట్టు పోతే పోనీ, సాక్ష్యం చెబుదామని నిజంగానే వచ్చాను, ఆ ఒక్క పూట నాకు ధైర్యం వచ్చింది. నోరు తెరిచేలోగా సాలిహీన్ నా మణికట్టు పట్టుకున్నాడు. పుళ్ళు పడిన ఆ చెయ్యి ఎంత గట్టిగా పట్టిందో ఇప్పటికీ నాకు తెలుస్తుంటుంది.

"ఎవరూ వేయించలేదమ్మా," అన్నాడు. గుమ్మం దాకా వినపడేట్టు, గొంతు పెంచి అన్నాడు. "అది సదకా. నా కొడుకు పేరు మీద నేనే పెట్టాను. పైపు నేనే తిప్పించాను, నాకు తెలీక. తప్పు నాది. నీళ్ళది కాదు."

"మీరు అబద్ధం చెబుతున్నారు," అంది ఆమె నెమ్మదిగా.

"రాసుకోమ్మా. సంతకం ఎక్కడ పెట్టాలి?"

ఆమె ఫైలు తెరిచింది. తర్వాత రాసింది. అతను గలాబియాకు చెయ్యి తుడుచుకుని, తొందరపడకుండా, పేరు మొత్తం రాశాడు. దెసూకీ గుమాస్తా కలం మూత పెట్టుకున్నాడు. నాకు ఆ క్షణంలో దెసూకీ మీద కన్నా సాలిహీన్ మీదే ఎక్కువ కోపం వచ్చింది. జీవితమంతా తోమిన ఇల్లు, నాలుగు నెలలు బకెట్లతో కాపాడిన ఇల్లు, ఒక్క సంతకంతో వాళ్ళ చేతిలో పెట్టాడు. తర్వాత గుమ్మం వైపు చూశాను. నబ్రా మళ్ళీ చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఇదేం మనిషివయ్యా అన్నట్టు మొగుడి వైపు చూసి తలాడించుకుంది గాని, ఆమె మొహంలో కూలర్ మీద అనుమానం రవ్వంత కూడా లేదు.

పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యమన్నారు. తప్పు అతనిదేనని రాసి ఉంది కాబట్టి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. పేటలో నిన్నటిదాకా ఆ నీళ్ళు తాగినవాళ్ళే, ముసలాడు మతి లేక ప్యాలెస్‌ను ముంచాడని మొహం మీదే అన్నారు. కోమ్ ఒంబో రైలెక్కించడానికి నేను వెళ్ళాను. స్టేషన్లో నబ్రా నీళ్ళ కోసం లేచినప్పుడు, నేను కడుపు మంట ఆపుకోలేక, ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేదన్నా అని అడిగాను.

"ఇల్లు పోవడం ఆమెకి అలవాటే," అన్నాడు. "పిల్లాడు పోవడం అలవాటు చెయ్యలేను."

ప్యాలెస్ పందొమ్మిది రోజుల్లో నేలమట్టమైంది. చెక్కనేల పలకలు కట్టలు కట్టి అమ్ముకున్నారు. కూలర్‌ను ఎవడో పాత సామాన్లవాడు బండి మీద వేసుకుపోయాడు. సాలిహీన్ ఆ వచ్చే చలికాలంలోనే పోయాడు. చేతి పుండు చీము పట్టి విషమించిందన్నారు. చావు కబురు నాకు పది రోజుల తర్వాత తెలిసింది, ఆఖరి చూపుకు కూడా నోచుకోలేదు.

మొన్న ఏప్రిల్లో నబ్రా పెన్షన్ కాగితాల కోసం ఊరొచ్చింది. నా కొట్టు ముందు కుర్చీ వేశాను. టీ తెప్పించాను. ఎదురుగా పద్నాలుగు అంతస్తుల వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకుంది.

"మంచి మనిషే శహాతా, కానీ దేంట్లోనూ శ్రద్ధ లేదు. పైపు ఎట్టా వేయించాలో కూడా తెలీలా. నా బిడ్డ పేరు మీద నీళ్ళు అంత చక్కగా పారుతుంటే ఆపించేశాడు, అంత ఇల్లు కూల్చుకున్నాడు. చచ్చేముందు నన్ను క్షమించమని అడిగాడు. అప్పుడు నేను పలకలేదు, కోపంతో."

నేను ఇనప పెట్టె మీంచి కాలు తీసి నేల మీద పెట్టుకున్నాను.

"ఇప్పుడు క్షమిస్తున్నాను," అంది. "ఒకళ్ళు వింటే గాని చెల్లదంటారు. ఆయన్ని క్షమించానని నువ్వు సాక్ష్యం ఉండు."

"ఉంటానక్కా," అన్నాను.